చేతిపనుల మార్పిడి

గత సంవత్సరము వర్షకాలమున మా పాఠశాల బాలబాలికలు 24 చేతిపనులను ఒక పెట్టెలో సర్ది, సముద్రతీరమందలి ఒక పాఠశాలకు పంపిరి. అచ్చటి పిల్లలును మాకు 24 పంపిరి. కొన్ని దినములకు వారి యుపాధ్యాయుని యొద్దనుండి జాబు వచ్చెను. మేము పంపిన వానిలో 11 మాత్రమే చెక్కుచెదరక చేరినవట. అయిదింటికి బూజు పట్టినది. నాలుగింటి గింజలు రాలి పెట్టె యడుగున పడినవి. రెండు అట్టలు అప్పడములవలె వంగినవి. మఱి రెండింటి యద్దములు పగిలినవి. జాబు చదివి మొదట సిగ్గుపడితిమి. పిమ్మట తరగతిలో అందఱము కూర్చుండి, 13 నష్టములకును కారణములను ఒక్కొక్కటిగా వెదకితిమి. ఆ వెదకుటలో మేము నేర్చినదియే ఈ వ్యాసము. మోకిల, శంకరపల్లి, మొయినాబాదు, చేవెళ్ళ ప్రాంతముల నుండి వచ్చు మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఇది కొంత యుపయోగపడునని మా నమ్మకము.

కూర్పుపని యననేమి?

కాగితము, గుడ్డ, దారము, గింజ, ఆకు, కఱ్ఱ, గవ్వ, అద్దము, రంగు మొదలగు పలువిధముల వస్తువులను ఒకే ఆధారముపై అమర్చి చేసిన చిన్న వస్తువును మేము కూర్పుపని యనుచున్నాము. దానిని అమ్మము, మఱియొకరు చేసిన దానికి బదులుగా ఇత్తుము. ఈ మార్పిడికి నియమములు రెండే. మొదటిది, ఇచ్చునది తన చేతితో చేసినదై యుండవలెను. రెండవది, వెలతో వెల పోల్చరాదు. శ్రద్ధకు శ్రద్ధయే బదులు.

ఇచ్చి పుచ్చుకొనుట మన యిండ్లకు క్రొత్త కాదు. బతుకమ్మను నీట విడిచిన పిమ్మట స్త్రీలు తెచ్చిన సద్దులను ఒకరికొకరు పంచుకొందురు. నోముల యందు వాయనము నిచ్చువారు, పుచ్చుకొనువారు ఇరువురును సమానముగ గౌరవింపబడుదురు. పుచ్చుకొన్న పళ్ళెరమును ఉత్తదిగా త్రిప్పి పంపుట మర్యాద కాదని మన పెద్దలు నేటికిని తలంతురు.

ఇతర దేశములలో

1927వ సంవత్సరమున అమెరికా బాలలు జపాను బాలలకు 12,739 బొమ్మలను కానుకగా పంపిరి. జపానులో చాలకాలము మతబోధకుడుగా నుండిన సిడ్నీ గులిక్ అనునాతడు ఈ యుద్యమమునకు మూలపురుషుడు. జపానులో షిబుసావా ఎయీచీ అను పెద్దమనిషి దీనికి తోడ్పడెను. బొమ్మలు అంగడిలో కొన్నవే యైనను, వాని దుస్తులలో పెక్కింటిని బాలికలును, వారి తల్లులును చేతితో కుట్టిరి. ప్రతి బొమ్మతోను ఒక జాబు వెళ్ళెను. ఆ సంవత్సరమే జపానువారు బదులుగా 58 పెద్ద బొమ్మలను పంపిరి. తరువాత ఆ రెండు దేశములకు యుద్ధము వచ్చినది. శత్రుదేశపు బొమ్మలని జపానులో వానిని తగులబెట్టించిరి. కాని కొందఱు ఉపాధ్యాయులు వానిని రహస్యముగ దాచిరి. అట్లు మిగిలినవి సుమారు 300. చేతితో కుట్టిన చిన్న గౌను ఒకటి ఒక ఉపాధ్యాయునికి అంతటి ధైర్యము నిచ్చినదన్నచో, మార్పిడి వస్తువు కేవలము ఆటవస్తువు కాదని స్పష్టము.

మనకాలమున 1997లో స్విట్జర్లాండు దేశపు జ్యూరిక్ నగరమందు ఎం. వాంచి స్టిర్నెమాన్ అను చిత్రకారుడు చిన్న చిత్రపుటట్టల మార్పిడిని ప్రారంభించెను. అట్ట పరిమాణము రెండున్నర అంగుళముల వెడల్పు, మూడున్నర అంగుళముల పొడవు. అనగా పేకముక్క యంత. అమ్మరాదు, మార్చుకొనవలెను. వెనుకవైపున చేసినవారి పేరును, తేదీని వ్రాయవలెను. ఇంతే. ఈ పద్ధతి అనేక దేశములకు వ్యాపించినది. మా పిల్లలును ఈ కొలతనే గ్రహించిరి. చిన్న అట్టకు ఖర్చు తక్కువ. తప్పు పోయినచో మఱియొకటి చేయవచ్చును.

మన దేశమున

చిత్రమునకు ఇతర వస్తువుల నతికించుటను 1912లో పికాసో, బ్రాక్ అను చిత్రకారులు ప్రారంభించినపుడు అది గొప్ప వింతగా తోచినది. ఆ సంవత్సరమే పికాసో తన చిత్రమునకు మైనపుగుడ్డ యతికించి, చుట్టును త్రాటిని చట్రముగా బిగించెను. మన పల్లెలలో ఇట్టి కూర్పు అంతకు చాల ముందునుండియే వాడుకలో నున్నది. పెండ్లినాడు వధూవరుల నొసట కట్టు బాసికమును చూడుడు. బెండు, అట్ట, జరీ కాగితము, పూసలు, దారము అన్నియు అందున్నవి.

సిద్దిపేట జిల్లాలోని చేర్యాల నకాషీ చిత్రకారుల పని మా తరగతికి గురువువంటిది. కులపురాణములను పాడి చెప్పు కథకులకొఱకు వారు పొడవైన గుడ్డచుట్టలపై కథ నంతయు వరుస గళ్ళలో చిత్రించెడివారు. నూలుగుడ్డపై చింతగింజల జిగురు, తెల్లసుద్ద, తుమ్మబంక కలిపిన పూతను వేసి యాఱబెట్టి, నునుపైన పిమ్మట రంగులు వేయుదురు. వెనుకభాగము ఎఱ్ఱగా నుండుట వారి పనికి గుర్తు. కొబ్బరిచిప్పపై రంపపుపొట్టును చింతగింజల ముద్దను కలిపి పట్టించి ముఖములను కూడ చేయుదురు. కృష్ణాతీరమందలి కొండపల్లి బొమ్మలవారును ఇట్టి ముద్దనే వాడుదురు. తేలికయగు పొణికికఱ్ఱతో అవయవములను వేఱువేఱుగా చెక్కి, ఈ ముద్దతో వానిని అతికింతురు. దానిని మక్కు అందురు. చింతగింజ, రంపపుపొట్టు! ఒకటి తిని పాఱవేయునది, ఒకటి ఊడ్చి పాఱవేయునది. రెండును కలిసి శిల్పమునకు సంధిబంధము లగుచున్నవి.

లంబాడీ స్త్రీల కుట్టుపని మఱియొక పాఠము. గుడ్డపై అద్దపు బిళ్ళలు, గవ్వలు, పూసలు, నాణెములు కుట్టుదురు. అద్దమునకు రంధ్రము లేదు. అయినను సంవత్సరములకొలది వాడిన పావడా నుండి కూడ అది ఊడదు. కారణము ఏమనగా, మొదట అద్దముమీదుగా నిలువున రెండు, అడ్డముగ రెండు దారములను బిగువుగా వేయుదురు. పిమ్మట ఆ దారములను సూదితో అంచువైపునకు లాగుచు, చుట్టును వలయముగా కుట్టుదురు. అద్దము దారపు చట్రములో చిక్కుకొనును. అంటించినది కాదు, పట్టి యుంచినది.

మా నష్టములు, వాని కారణములు

ఇక మా 13 నష్టముల సంగతి.

బూజు పట్టిన అయిదును చింతగింజల జిగురుతో చేసినవే. జిగురునందు దోషము లేదు. మా తొందరయందే యున్నది. చింతపప్పులో ఒకవిధమగు పిండిపదార్థము కలదు. వేడినీటిలో అది నీటిని పీల్చి యుబ్బి, జిగట యగును. ఆఱినపుడు పలుచని పొరగా గట్టిపడి రెండు వస్తువులను పట్టుకొనును. అయితే తినదగినది గనుక బూజునకును, పురుగునకును కూడ అది యాహారమే. బూజు పెరుగుటకు తడి కావలెను. మేము సాయంకాలము అంటించి మఱునాటి యుదయమే పెట్టెలో పెట్టితిమి. పైకి ఆఱినట్లున్నను అట్టలోపల తడి మిగిలియుండెను. ఇప్పుడు ప్రతి పనిని అయిదు దినములు నీడపట్టున, గాలి తగులునట్లు ఆఱబెట్టుచున్నాము. పుస్తకములు కట్టువారు తమ మైదాజిగురులో కొంచెము మైలుతుత్తము కలుపుదురు. దానివలన పురుగు చేరదు. కాని అది విషము. పెద్దలు మాత్రమే ముట్టవలెను. పిల్లలు పలుచని పూతను పూసి బాగుగ ఆఱబెట్టుట చాలును.

జిగురును కాచుట యిట్లు. చింతగింజలను వేయించి, పైపొట్టు తీసి, పప్పును రాత్రియంతయు నానవేయవలెను. మెత్తగా రుబ్బి, నీటితో కలిపి, సన్నని సెగపై ఆపకుండ కలియబెట్టుచు కాచవలెను. గరిటె యెత్తినపుడు తీగవలె సాగినచో సిద్ధమైనట్లు. పలుచని గుడ్డలో వడకట్టినచో పలుకులు మిగులవు. ఆనాడు కాచినదానిని ఆనాడే వాడుట మేలు.

గింజలు రాలిన నాలుగింటికి కారణము వేఱు. గురువింద, కానుగ, చింత మొదలగు గింజలకు పైతోలు నున్నగా నుండును. జిగురు నిలుచుటకు పట్టు దొరకదు. గింజ యడుగుభాగమును గరుకుబండపై కొంచెము ఒఱసి, పిమ్మట అంటించినచో నిలుచును. మఱియొక సూత్రము లంబాడీ స్త్రీల యొద్ద నేర్చితిమి: తేలికయగు దానిని అంటింపవలెను, బరువగు దానిని కుట్టవలెను లేక కట్టవలెను. గురువింద గింజల లోపలి పప్పు విషము గనుక, వానిని చిన్నపిల్లల చేతికీయరాదు. మేమిపుడు మానివేసితిమి.

అట్టలు వంగుట కాగితపు స్వభావము. తడి తగిలిన కాగితము సాగును, ఆఱునపుడు ముడుచుకొనును. అట్టకు ఒకవైపుననే కాగితమో గుడ్డయో అంటించినయెడల, అది ముడుచుకొనుచు అట్టను తనవైపునకు లాగును. రెండవవైపునను అట్టి కాగితమునే అంటించినచో రెండు లాగుడులు సమమై అట్ట చదునుగ నిలుచును. ఆఱువఱకు పైన బరువు పెట్టవలెను. పుస్తకములు కట్టువారికి ఇది తెలిసిన విషయమే; మేము అడుగలేదు గనుక మాకు తెలియలేదు.

అద్దములు పగులుటకు ఏకైక కారణము మూటకట్టుటలోని లోపము. రెండు పనులు ముఖాముఖిగ ఒరసికొనెను. ఇప్పుడు ప్రతిదానిని మెత్తని గుడ్డలో చుట్టి, వెనుకకు వెనుక చేర్చి, నడుమ అట్టను పెట్టి, పెట్టెలోని ఖాళీలను దూదితోను, వరిగడ్డితోను నింపుచున్నాము. గడ్డి బాగుగ ఎండినదై యుండవలెను. పెట్టెను ఊపినపుడు చప్పుడు కాకున్నచో పంపవచ్చును.

రంగులనుగూర్చి

పసుపు సులభముగ దొరకును గాని ఎండకు వెలిసిపోవును. కాబట్టి వెలుగు తగులని మూలలకే వాడవలెను. పసుపులో సున్నము కలిపినచో ఎఱ్ఱనగును. పారాణి యట్లే యగుచున్నది. నలుపు కొఱకు శ్రీకాళహస్తి కలంకారీవారి మార్గము మంచిది. వారు ఇనుపముక్కలను బెల్లపునీటిలో కొన్నివారములు పులియబెట్టుదురు. కరక్కాయ రసములో తడిపిన గుడ్డపై ఆ నీటితో గీసినచో, కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి గట్టి నలుపునిచ్చును. ఆ నలుపు ఉతికినను పోదు. రసాయనశాస్త్ర పాఠమును ఒక గీతలో చూడవచ్చును.

ఆకులను, పూలను పచ్చిగా అంటింపరాదు. పాత వార్తాపత్రికల నడుమ పెట్టి, పైన బరువుంచి, మొదటి నాలుగు దినములు ప్రతిదినము కాగితములను మార్చవలెను. తడి యెంత త్వరగ పోయిన రంగు అంత నిలుచును. బంతిరేకులకు ఒక వారము చాలును. మఱ్ఱియాకు దళసరి గనుక రెండు వారములు పట్టును.

చెడని యొక పని చెప్పిన కథ

నష్టములలో చేర్పని యొక విషయము కలదు. చక్కగ చేరిన 11లో ఒకటి అందఱి మెప్పును పొందెను. పూసలతో, తళుకులతో మిక్కిలి నునుపుగ నుండెను. దానికి బదులుగ వచ్చినది గవ్వలతో, చేపలవల దారముతో కుట్టిన చిన్న పడవ. దానిని చేసిన బాలిక, "నాకు ఒక నెల పట్టినది; మీకు ఎన్ని దినములు పట్టినవి?" అని వ్రాసెను. ఆ జాబు చదివిన మా విద్యార్థి రెండు దినములు బడిలో మౌనముగ నుండి, మూడవనాడు వచ్చి, తన పని యంగడిలో కొన్నదని తానే చెప్పెను. మేము శిక్షింపలేదు. ఏమి చేయుదువని యడిగితిమి. జొన్నదంటు బెండుతో ఎడ్లబండిని చేయుదునని చెప్పెను. చక్రములు మూడుమారులు విఱిగినవి. నాలుగవది నిలిచినది. దానితోపాటు నిజమును వ్రాసిన జాబును కూడ పంపెను. వచ్చిన బదులులో, "ఈ బండి మొదటిదానికంటె బాగున్నది, ఇందులో ఒక చక్రము వంకరగ నున్నది" అని యుండెను.

బూజు పట్టిన పనులలో ఒక బంతిపూల యట్ట యుండెను. దానిని అందుకొన్న బాలుడు పాఱవేయలేదు. మెత్తని గుడ్డతో తుడిచి, ఎండలో పెట్టి, గోడకు తగిలించినాడట. "ఈ పూవు మీ యూర పెరుగునా?" అని మాత్రము అడిగెను. పెరుగును. మొయినాబాదు, చేవెళ్ళ పొలములందు బంతి, చేమంతి, గులాబి తోటలున్నవని మా పిల్లలు గర్వముతో వ్రాసిరి.

మన యూరినుండి ఏమి పంపవలెను?

ఈ ప్రశ్నకు మేము ఎంతో ఆలోచించితిమి. దూరపు చిత్రమును చూచి నకలు చేసి పంపినచో పుచ్చుకొనువానికి మన యూరు తెలియదు. మోకిల నేడు మాఱుచున్నది. 2023వ సంవత్సరమున హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థవారు అచ్చట ఇంటిస్థలములను వేలము వేసిరి. జొన్న, మక్క పండిన చోట్ల మేడలు లేచుచున్నవి. మా పిల్లలలో కొందఱి తాతలు ఆ పొలములను దున్నినవారు. కొందఱి తండ్రులు ఆ మేడలను కట్టుచున్నవారు. కాబట్టి ఒక బాలిక తన యట్టకు క్రిందిసగమున నల్లరేగడి మట్టిని, జొన్నగింజలను అంటించి, పైసగమున తండ్రి పనిచోట దొరికిన పింగాణి పలకల ముక్కలను, తీగతునుకలను అమర్చినది. ఆ రెండును ఆమె యూరే.

మఱియొక బాలుడు మఱ్ఱియాకును ఎన్నుకొనెను. హైదరాబాదు నుండి మొయినాబాదు, చేవెళ్ళల మీదుగ పోవు బాటకు ఇరువైపుల 46 కిలోమీటర్ల మేర సుమారు 900 మఱ్ఱిచెట్లు ఉండినవని లెక్క చెప్పిరి. బాట వెడల్పు పనివలన వానికి ముప్పు కలుగగా, వృక్షప్రియులు ఉద్యమించిరి. వ్యవహారము జాతీయ హరిత ట్రిబ్యునలు వఱకు వెళ్ళినది. వెడల్పైన బాటయు కావలెను, నీడయు కావలెను. పెద్దలు వాదించు ఈ విషయమును బాలుడు వాదింపలేదు. రాలిన ఆకు నొకదానిని ఎండబెట్టి, దానిపై నల్లని గీతతో బాటను గీసి, వెనుక "ఇది చెట్టునుండి కోసినది కాదు, బస్సు కొఱకు నిలుచున్నపుడు నా పుస్తకముమీద రాలినది" అని వ్రాసెను. ఆ యట్ట నేడు సముద్రతీరమున నున్నది.

తలిదండ్రులకు మనవి

ఇంట మిగిలిన గుడ్డపీలికలు, గుండీలు, పాత పెండ్లిపత్రికలు, చింతగింజలు ఒక డబ్బాలో దాచియుంచుడు. క్రొత్తవానిని కొనియీయకుడు. పిల్లవాని పని వంకరగ నున్నను మీరు సరిచేయకుడు. తప్పక నేర్పగోరినయెడల, మీ చేతిలో నున్న విద్యను నేర్పుడు: కుట్టు, అల్లిక, బుట్ట, ముగ్గు. మా తరగతిలో అద్దము కుట్టుటను నేర్పినది ఒక విద్యార్థి నాయనమ్మ. ఆమె ఏ బడిలోను చదువలేదు.

విద్యార్థులకు ఒక మాట. పని వెనుక నాలుగు సంగతులను తప్పక వ్రాయుడు: మీ పేరు, ఊరు, తేదీ, ఏయే వస్తువులతో చేసితిరో ఆ పట్టిక. వస్తువు ఏ దినమున చెడినను, చేసిన విధము మిగులును. ఎక్కడనో ఒకరు దానిని చూచి మరల చేయగలరు.

ఈ సంవత్సరపు పెట్టె సిద్ధమగుచున్నది. ఇందు 30 పనులు కలవు. అన్నియు అయిదు దినములు ఆఱినవి. పెట్టెను ఊపి చూచితిమి, చప్పుడు లేదు.